మార్చిలో సముద్రపు ఒడ్డు కళల ఊరు: సెయింట్ ఐవ్స్‌కి వెళ్ళాలా, మార్గేట్‌కా, హేస్టింగ్స్‌కా?

బ్రిటన్‌లో ఉండే మనవాళ్ళు సముద్రం దగ్గరికి వెళ్ళాలంటే జూలై, ఆగస్టు దాకా ఆగుతారు. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే అదే సరైన సమయం. కానీ మీకు చిత్రాలు, శిల్పాలు, కుండలు, అవి పుట్టిన సందులు చూడాలని ఉంటే ఆగస్టు అంత పనికిరాని నెల ఇంకొకటి లేదు. గ్యాలరీలో ఒక చిత్రం ముందు నిలబడితే వెనక నలుగురు ఎదురు చూస్తుంటారు, గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి, కారు పెట్టే చోటు కోసమే సగం పూట పోతుంది. చలికాలం వెళ్ళిపోయి ఈస్టర్ సెలవులు ఇంకా మొదలవని ఆ కొద్ది వారాల్లో వెళ్తే ఇవే ఊళ్ళు ప్రశాంతంగా దొరుకుతాయి.

అయితే ఏ ఊరు? ఈ ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది బీచ్ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తారు. మార్చికి ఆ లెక్క పనిచేయదు. బ్రిటన్ చుట్టూ సముద్రం ఏడాది మొత్తంలో అతి చల్లగా ఉండేది ఫిబ్రవరి చివర, మార్చిలోనే. నీళ్ళలో దిగేది లేదు, ఇసుక మీద పడుకునేది లేదు. అందుకని నేను ఎవరు అడిగినా ఒకటే చెప్తాను: పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాన పడితే ఆ ఊళ్ళో ఏం చేస్తారో ఆలోచించి ఊరిని ఎంచుకోండి. వాన రోజు బాగా గడిచే ఊళ్ళో ఎండ వస్తే అది అదనపు లాభం.

ముందు వారం సంగతి

ఊరి కంటే ముందు తేదీ తేల్చుకోవాలి. ఫిబ్రవరిలో స్కూళ్ళకి వారం రోజుల సెలవు ఉంటుంది. అది అయిపోయాక ఈస్టర్ సెలవులు మొదలయ్యేదాకా ఉన్న వారాలే మనకు వీలైన సమయం. ఈస్టర్ ఏటా మారుతుంది కాబట్టి ఆ సమయం ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ. 2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న వస్తే, 2027లో మార్చి 28నే వస్తుంది. అంటే 2027లో ఖాళీ వారాలు మార్చి మొదటి మూడే.

ఇంకో తేదీ కూడా గుర్తు పెట్టుకోండి. ఇక్కడి మదర్స్ డే ఈస్టర్‌కి సరిగ్గా మూడు వారాల ముందు ఆదివారం వస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి చిన్న ఊళ్ళలో కూడా టేబుల్ దొరకదు. ఆ వారాంతం వెళ్ళక తప్పకపోతే ఆదివారం లంచ్ ముందే బుక్ చేసుకోండి.

మార్చి మొదటి వారంలో కొన్ని కేఫ్‌లు, దుకాణాలు ఇంకా తెరుచుకోవు. చాలామంది యజమానులు జనవరి, ఫిబ్రవరిలో మూసేసి రంగులు వేయించుకుని ఈస్టర్‌కి సిద్ధమవుతారు. నెల మధ్యకి వచ్చేసరికి పగలు, రాత్రి దాదాపు సమానమవుతాయి, చాలా తలుపులు తెరుచుకుంటాయి, జనం మాత్రం ఇంకా రారు. వీలుంటే మార్చి మధ్యలోనే పెట్టుకోండి. విషువత్తు దగ్గరి రోజుల్లో ఆటుపోట్లు కూడా చాలా పెద్దవిగా ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో సముద్రం బాగా వెనక్కి వెళ్ళి, మామూలుగా కనిపించని రాళ్ళు, ఇసుక తిన్నెలు బయటపడతాయి. ఏ ఊరు ఎంచుకున్నా ఆ ఊరి ఆటుపోట్ల వేళలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి.

సెయింట్ ఐవ్స్: దూరం ఎక్కువ, దక్కేది ఇంకా ఎక్కువ

నా ఓటు దీనికే, కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను. కార్న్‌వాల్ ఉత్తర తీరంలో, దాదాపు దేశం అంచున ఉంది. లండన్ పాడింగ్టన్ నుంచి సెయింట్ ఎర్త్ దాకా రైల్లో సుమారు ఐదు గంటలు, అక్కడ దిగి చిన్న రైలు ఎక్కితే పావుగంట లోపే ఊరు. 1877లో వేసిన ఆ చిన్న లైను సముద్రం పక్కనే పోతుంది. కుడివైపు కూర్చోండి. కారులో వెళ్ళేవాళ్ళు కూడా సెయింట్ ఎర్త్ స్టేషన్ దగ్గర కారు ఆపి ఈ రైల్లో వెళ్ళడం మంచిది. ఊళ్ళో సందులు చేపల పడవల కాలంలో కట్టినవి, కార్ల కోసం కట్టినవి కావు.

ఇంత దూరం ఎందుకంటే, ఇక్కడ కళ ఒక భవనంలో పెట్టి చూపించేది కాదు. ఆ పని జరిగిన గదులు, వాడిన పనిముట్లు, చివరికి ఆ మనుషుల సమాధులు కూడా నడిచి వెళ్ళేంత దగ్గర్లో ఉన్నాయి.

శిల్పి బార్బరా హెప్‌వర్త్ స్టూడియోతో మొదలుపెట్టండి. రెండో ప్రపంచయుద్ధం మొదలవుతున్నప్పుడు, 1939లో ఆమె భర్త, చిత్రకారుడు బెన్ నికల్సన్‌తో, పిల్లలతో ఈ వైపు వచ్చారు. 1949లో ట్రెవిన్ స్టూడియో కొనుక్కున్నారు. 1975లో అక్కడే అగ్నిప్రమాదంలో చనిపోయారు. ఆ మరుసటి ఏడాది దాన్ని మ్యూజియంగా తెరిచారు, 1980 నుంచి దేశంలో పెద్ద ఆర్ట్ గ్యాలరీలు నడిపే టేట్ సంస్థ చూసుకుంటోంది. తోటలో శిల్పాలు ఆమె పెట్టిన చోటే చాలా వరకు ఉన్నాయి. పని గదిలో ఆమె పనిముట్లు, చెక్కడం పూర్తికాని రాళ్ళు అలాగే ఉన్నాయి. ఆమె శిల్పాల్లో రంధ్రాలు ముఖ్యం. రాయిలోంచి, కంచులోంచి అవతలి ఆకాశం, ఆకులు కనిపించాలి. ఆగస్టులో ఆ రంధ్రంలోంచి ఎవరిదో రెయిన్‌కోటు కనిపిస్తుంది. మార్చిలో ఒక శిల్పం చుట్టూ నెమ్మదిగా తిరిగి, నాలుగు వైపుల నుంచి చూసి, కాస్త దూరం జరిగి మళ్ళీ చూడొచ్చు. తోట చిన్నది, అందుకే జనం లేకపోవడం ఇక్కడ ఇచ్చేంత తేడా ఇంకెక్కడా ఇవ్వదు. సన్నటి వానలో తడిసిన కంచు రంగు కూడా వేరు, గొడుగు ఉంటే వాన రోజే వెళ్ళండి.

టేట్ సెయింట్ ఐవ్స్ 1993లో పోర్త్‌మియర్ బీచ్ ఎదురుగా, పాత గ్యాస్ ఫ్యాక్టరీ ఉన్న స్థలంలో తెరిచారు. 2017లో కొత్త భాగం కలిపారు, 2018లో ఆ ఏటి ఉత్తమ మ్యూజియం బహుమతి దీనికే వచ్చింది. ఈ విస్తరణ వల్ల మనకు జరిగిన మేలు ఒకటుంది. తాత్కాలిక ప్రదర్శనలు మారుతున్నప్పుడు కూడా సెయింట్ ఐవ్స్ కళాకారుల చిత్రాలు చూడటానికి విడి గదులు ఉన్నాయి. మార్చిలో చాలా గ్యాలరీలు పాత ప్రదర్శన దించి కొత్తది వేలాడదీస్తూ ఉంటాయి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. టేట్‌కీ హెప్‌వర్త్ మ్యూజియంకీ కలిపి ఒకే టికెట్ తీసుకుంటే విడివిడిగా కొన్నదానికంటే తక్కువ పడుతుంది.

టేట్‌కి కొంచెం పైన బార్నూన్ శ్మశానం ఉంది. సముద్రం వైపు వాలుగా ఉన్న ఆ నేలలో ఆల్ఫ్రెడ్ వాలిస్ సమాధి వెతకండి. సముద్రంలో పనిచేసి, తర్వాత ఊళ్ళో పాత పడవ సామాను కొని అమ్ముకుని బతికిన మనిషి. భార్య పోయాక, డెబ్బయ్యో పడికి దగ్గరయ్యాక ఒంటరితనం పోగొట్టుకోడానికి చిత్రాలు వేయడం మొదలుపెట్టారు. అట్టముక్కల మీద, పడవలకు వేసే రంగుతో, తనకు గుర్తున్న ఓడలు, రేవులు, దీపస్తంభాలు వేశారు. 1928లో బెన్ నికల్సన్, మరో చిత్రకారుడు క్రిస్టఫర్ వుడ్ ఆ దారిన పోతూ తెరిచి ఉన్న తలుపులోంచి గోడకున్న ఆ చిత్రాలు చూశారు. బ్రిటన్ ఆధునిక కళ మీద ఆయన ప్రభావం చాలా ఉంది, కానీ ఆయనకు అందిందేమీ లేదు. 1942లో పేదల సత్రంలో చనిపోయారు. సమాధి మీద పలకలు కుండలు చేసే కళాకారుడు బెర్నార్డ్ లీచ్ చేసినవి. వాటి మీద దీపస్తంభం గుమ్మంలోకి అడుగుపెడుతున్న చిన్న మనిషి ఉంటాడు. ఆ సమాధి చూశాక టేట్‌లో వాలిస్ చిత్రం ముందు నిలబడితే ఇంకోలా కనిపిస్తుంది. ఆ వరసలోనే చూడమని నా సలహా.

ఆ లీచ్ కుండల స్టూడియో ఊరికి పైన, స్టెన్నాక్ ఎత్తు మీద ఉంది. 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి వచ్చిన షోజి హమాదా కలిసి మొదలుపెట్టారు. కొండవాలు మీద మెట్లలాగా గదులు గదులుగా పైకి కట్టిన జపాన్ తరహా ఆవం ఇప్పటికీ చూడొచ్చు. అక్కడ ఇప్పటికీ కుండలు చేస్తున్నారు, పక్కనే అమ్ముతారు కూడా. ఊళ్ళో జ్ఞాపికల దుకాణంలో పెట్టే డబ్బు ఇక్కడ ఒక గిన్నె మీద పెట్టండి.

పోర్త్‌మియర్ స్టూడియోల గురించి కూడా ఒక మాట. కింద జాలర్లు వలలు బాగుచేసుకునే గదులు, పైన చిత్రకారుల గదులు. బెన్ నికల్సన్, పాట్రిక్ హెరన్ ఇక్కడ పనిచేశారు, ఫ్రాన్సిస్ బేకన్ కూడా కొన్నాళ్ళు ఉన్నారు. ఇప్పటికీ రెండు వృత్తులూ అదే కప్పు కింద నడుస్తున్నాయి.

ఇక ఇబ్బందులు. కార్న్‌వాల్‌లో చలి కొంచెం తక్కువే గానీ వాన ఎక్కువ. లండన్ నుంచి వచ్చే దారిలో, డెవన్‌లో డాలిష్ దగ్గర రైలు పట్టాలు అలల అంచునే ఉంటాయి. 2014 ఫిబ్రవరి తుఫానులో అక్కడి గోడ కూలి లైను వారాల తరబడి ఆగిపోయింది. తర్వాత కొత్త గోడ కట్టారు. అయినా పెద్ద గాలి రోజుల్లో రైళ్ళు ఆలస్యమవుతాయి, ప్రయాణం ముందు రోజు ఒకసారి చూసుకోండి. ఊరంతా ఎత్తుపల్లాలే, రాళ్ళు పరిచిన సందులే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తే హెప్‌వర్త్, టేట్ వరకు నెమ్మదిగా నడిపించి, లీచ్ స్టూడియోకి మాత్రం బస్సులోనో ట్యాక్సీలోనో తీసుకెళ్ళండి. సీగల్స్ చేతిలోని పేస్టీని (ఇక్కడి కజ్జికాయ లాంటి కారపు వంటకం) ఎత్తుకుపోతాయి, మార్చిలో కూడా. గోడకు వీపు ఆనించి తినండి. శాకాహారులకు చీజ్, ఉల్లిపాయల పేస్టీ దొరుకుతుంది.

రేవు వెనక ఉన్న డౌన్‌లాంగ్ సందుల్లో సాయంత్రం నడిస్తే చాలా కిటికీల్లో దీపం ఉండదు. ఆ ఇళ్ళు సెలవులకు అద్దెకిచ్చేవి, లేదా వేరే ఊరివాళ్ళ రెండో ఇళ్ళు. ఇది ఎంత బాధ పెట్టిందంటే, 2016లో ఊరివాళ్ళు ఓటింగ్ పెట్టుకుని, కొత్తగా కట్టే ఇళ్ళు అక్కడే నివసించేవాళ్ళకే దక్కాలన్న ప్రణాళికకు 80 శాతానికి పైగా మద్దతిచ్చారు. మీరు ఎక్కడ ఉండాలో తేల్చుకునేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఖాళీ ఇల్లు అద్దెకు తీసుకునే బదులు యజమాని అదే ఇంట్లో ఉండి నడిపే గెస్ట్ హౌస్ తీసుకుంటే మీ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది. మార్చిలో అలాంటివి ఒకటి రెండు రాత్రులకు కూడా ఇస్తారు.

కనీసం రెండు రాత్రులు ఉండలేకపోతే సెయింట్ ఐవ్స్ వద్దు. మూడు రాత్రులుంటే ఒక రోజు పెన్జాన్స్‌లో పెన్లీ హౌస్ గ్యాలరీకి వెళ్ళండి. పక్కనే ఉన్న న్యూలిన్ రేవులో పందొమ్మిదో శతాబ్దం చివర గుమిగూడిన చిత్రకారుల పని అక్కడ ఉంది. వాళ్ళు జాలరి కుటుంబాలను ఆరుబయట నిలబెట్టి వేశారు. సెయింట్ ఐవ్స్ ఆధునికుల చిత్రాలు చూసిన మర్నాడే ఇవి చూస్తే రెండింటి తేడా బాగా తెలుస్తుంది.

మార్గేట్: ఒక్క రోజే ఉంటే ఇదే

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి హైస్పీడ్ రైల్లో దాదాపు గంటన్నర. స్టేషన్ దిగి బీచ్ పక్కన చదునైన దారిలో నడుచుకుంటూ వెళ్తే పావుగంటలో టర్నర్ కాంటెంపరరీ గ్యాలరీ. పెద్దవాళ్ళకి, తోపుడు బండిలో పిల్లలున్నవాళ్ళకి ఈ మూడు ఊళ్ళలో ఇదే తేలిక.

చిత్రకారుడు టర్నర్ చిన్నప్పుడు ఈ ఊళ్ళో చదువుకున్నారు. పెద్దయ్యాక కూడా మళ్ళీ మళ్ళీ వచ్చి శ్రీమతి బూత్ నడిపే బసలో దిగేవారు. ఆ బస ఉన్న చోటే, డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్ గీసిన నమూనాతో 2011లో ఈ గ్యాలరీ తెరిచారు. ప్రవేశం ఉచితం. 2019లో బ్రిటన్ సమకాలీన కళకిచ్చే పేరున్న బహుమతి, టర్నర్ ప్రైజ్ ప్రదర్శన ఇక్కడే జరిగింది. పోటీలో ఉన్న నలుగురూ తమను ఒక్కటిగా చూడమని కోరి బహుమతిని పంచుకున్నారు.

అయితే ఒక హెచ్చరిక చాలా గట్టిగా చెప్పాలి. ఈ గ్యాలరీకి సొంత సేకరణ అంటూ లేదు. పేరు చూసి గోడల నిండా టర్నర్ చిత్రాలు ఉంటాయనుకుని వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. ఆ సమయానికి ఏ ప్రదర్శన నడుస్తుంటే అదే ఉంటుంది, రెండు ప్రదర్శనల మధ్య వెళ్తే చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మార్గేట్‌కి టికెట్ కొనే ముందు ప్రదర్శన తేదీలు చూసుకోవడం తప్పనిసరి. సోమవారం గ్యాలరీకి మామూలుగా సెలవు.

గ్యాలరీ బయట, ఫుల్సమ్ రాళ్ళ మీద ఆంటొనీ గోర్మ్‌లీ చేసిన ఇనుప మనిషి సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటాడు. పోటు సమయంలో మునిగిపోతాడు, ఆటు సమయంలో నాచు పట్టి బయటపడతాడు. ఆటుపోట్ల వేళలు పెట్టుకోమన్నది ఇందుకే. రేవు గట్టు చివరి నుంచి చూస్తే సూర్యుడు నీళ్ళ వైపే దిగుతాడు. టర్నర్‌కి ఈ ఆకాశం ఎందుకంత నచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చి మేఘాల మధ్య ఆ రంగులు వేసవి కంటే బాగుంటాయని నా నమ్మకం. తూర్పున ఉంది కాబట్టి సెయింట్ ఐవ్స్ కంటే దాదాపు అరగంట ముందే చీకటి పడుతుంది, తిరుగు రైలు ఆ లెక్కన చూసుకోండి.

వాన రోజుకు షెల్ గ్రాటో ఉంది. నేల కింద సొరంగం, గోడలంతా గవ్వలు, ఆల్చిప్పలతో అల్లిన నమూనాలు. 1835లో బయటపడింది. దాదాపు 46 లక్షల గవ్వలని చెప్తారు. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో ఇప్పటికీ తేలలేదు. పిల్లలు ఈ ఒక్క చోటు కోసమైనా మార్గేట్‌ని గుర్తుపెట్టుకుంటారు. చలికాలపు వేళల్లో అన్ని రోజులూ తెరవరు, డ్రీమ్‌ల్యాండ్ ఆటల పార్కు కూడా అంతే. పిల్లలకు ముందే మాట ఇచ్చేయకండి.

మార్గేట్‌లో వాన తక్కువే గానీ, ఉత్తర సముద్రం మీంచి వచ్చే గాలి కోసేస్తుంది. థర్మామీటర్ చూసి మోసపోవద్దు. చెవులు కప్పే టోపీ, గాలి చొరని పై కోటు లేకుండా రేవు గట్టు మీద పది నిమిషాలు నిలబడలేరు.

హేస్టింగ్స్: పడవల కోసం

లండన్ నుంచి గంటన్నర, రెండు గంటల మధ్య. ఇక్కడ చూడాల్సింది స్టేడ్ అనే గుళకరాళ్ళ తీరం. రేవు లేదు. చేపల పడవలను నేరుగా తీరం మీంచి నీళ్ళలోకి దింపి, మళ్ళీ పైకి లాగుతారు. పక్కన వలలు దాచుకునే నల్లటి చెక్క గదులు, సన్నగా, అంతస్తుల మీద అంతస్తులుగా నిలబడి ఉంటాయి. 2012లో తెరిచిన గ్యాలరీ, ఇప్పటి పేరు హేస్టింగ్స్ కాంటెంపరరీ, ఆ గదుల రంగుకు తగ్గట్టే నల్ల పెంకులతో వాటి పక్కనే ఉంది. ఇది కూడా మారే ప్రదర్శనల మీదే ఆధారపడుతుంది. ఇది ఒక్కటే చూడాలని వెళ్తే ఒక పూటకి కూడా సరిపోదు. కొన్ని నిమిషాల రైలు దూరంలో బెక్స్‌హిల్‌లో ఉన్న డి లా వార్ పెవిలియన్ కలుపుకుంటే రోజు నిండుతుంది. 1935లో ఎరిక్ మెండెల్‌సన్, సెర్జ్ చెర్మాయెఫ్ కట్టిన ఆ తెల్లటి భవనం, అందులోని గాజు మెట్ల దారి చూడటానికే వెళ్ళొచ్చు. ప్రదర్శనలు ఉచితం.

మీకు సెలవు సోమవారమే దొరికితే ఈ మూడూ పక్కనపెట్టి ఫోక్‌స్టన్‌కి వెళ్ళండి. 2008లో మొదలైన ట్రైయెనియల్ (మూడేళ్ళకోసారి జరిగే కళా ప్రదర్శన) తర్వాత చాలా శిల్పాలను అక్కడే శాశ్వతంగా ఉంచేశారు. అన్నీ ఆరుబయటే కాబట్టి మూసేసే తలుపంటూ లేదు. సన్నీ శాండ్స్ దగ్గర కార్నీలియా పార్కర్ చేసిన మత్స్యకన్యను చూడండి. ఆ ఊరి స్త్రీ ఒంటి మీంచే అచ్చు తీసి పోసిన కంచు విగ్రహం అది. సెయింట్ పాంక్రాస్ నుంచి గంట లోపే. వానలో మాత్రం ఇది పనికిరాదు.

ఎవరికి ఏది

చిత్రకళ గురించి పెద్దగా తెలియదు, ఒకసారి చూద్దాం అనుకునేవాళ్ళు మార్గేట్‌తో మొదలుపెట్టండి. ఖర్చు తక్కువ, నచ్చకపోయినా సముద్రం ఉంది, సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనూ ఇదే, కానీ గాలి తక్కువున్న రోజు చూసుకోండి. ఫోటోలు తీసేవాళ్ళకు హేస్టింగ్స్ పడవలు, నల్ల గదులు చాలా ఇస్తాయి. మీరు బొమ్మలు వేస్తారా, మట్టితో పని చేస్తారా, లేదా వేసేవాళ్ళ జీవితాల మీద ఆసక్తి ఉందా? అయితే దగ్గరి ఊళ్ళు రెండు మూడు సార్లు తిరిగే డబ్బు దాచుకుని సెయింట్ ఐవ్స్‌కే వెళ్ళండి.

రైలు ఖర్చు విషయంలో చాలామంది ఒక చోట పొరబడతారు. టికెట్ మీద తగ్గింపు ఇచ్చే నెట్‌వర్క్ రైల్‌కార్డ్ మార్గేట్, హేస్టింగ్స్‌కి పనికొస్తుంది, కార్న్‌వాల్‌కి పనికిరాదు. ఇద్దరు వెళ్తుంటే టూ టుగెదర్, పిల్లలతో అయితే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు తీసుకోండి. పెద్దవాళ్ళకు మూడో వంతు, పిల్లలకు ఫ్యామిలీ కార్డు మీద 60 శాతం తగ్గుతుంది. సెయింట్ ఐవ్స్ దాకా ఒక్కసారి వెళ్ళొస్తేనే కార్డు ఖర్చు దాదాపు వచ్చేస్తుంది. రాత్రి ప్రయాణం పర్వాలేదనుకుంటే పాడింగ్టన్ నుంచి పెన్జాన్స్ వెళ్ళే స్లీపర్ రైలు ఉంది, శనివారం రాత్రి నడవదు. దాంట్లో వెళ్తే ఒక రాత్రి గది అద్దె మిగిలి, పొద్దున్నే సెయింట్ ఎర్త్‌లో దిగి చిన్న రైలు ఎక్కొచ్చు.

బుక్ చేసే వరస కూడా ముఖ్యం. ముందు గ్యాలరీ ప్రదర్శన తేదీలు, చలికాలపు వేళలు చూడండి. టేట్, హెప్‌వర్త్ కూడా ఆ వేళల్లో సోమవారం మూసి ఉండొచ్చు. తర్వాత అడ్వాన్స్ రైలు టికెట్లు కొనండి, అవి సుమారు 12 వారాల ముందు అమ్మకానికి వస్తాయి. గది చివర్లో తీసుకున్నా ఫర్వాలేదు, మార్చి మధ్యలో దొరుకుతుంది. 2027లో వెళ్ళేవాళ్ళు మాత్రం గది కూడా ముందే పట్టుకోండి, ఆ ఏడు ఈస్టర్ త్వరగా వస్తోంది.